వెయ్యి మనసులో పెట్టుకుని

లైటు వెలిగింది. స్టీరింగు వెనక, వేగం చూపించే ముల్లు కింద, గోరంత పసుపు లైటు. ఒకసారి మిణుక్కుమని ఆరిపోయి, నా భ్రమేమో అనుకునేలోపే మళ్ళీ వెలిగి, ఇక ఆరనని నిలబడింది. డీజిల్ అయిపోవస్తోందని చెప్పే లైటు. లోకంలో ఏ కారులో వెలిగినా అది చెడ్డ కబురే. మా కారులో మాత్రం నేను సంతోషంతో కెవ్వుమన్నాను. పెళ్ళి ఖాయమైందని ఫోన్ వచ్చినప్పుడు కూడా అంత గట్టిగా అరవలేదు. అరిచాను గానీ కుడి పాదం వెంట్రుకవాసి కదల్లేదు, అదీ నా గొప్ప.

"ఎంత దగ్గర?" అన్నారు మామయ్య పక్క సీట్లోంచి, కళ్ళు తెరవకుండానే.

"నూట యాభై, మామయ్యా. నూట యాభై!"

"వెయ్యి మనసులో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

పెట్టుకోక ఏం చేస్తాను. ట్యాంకు నింపినప్పుడల్లా సున్నాకి తిప్పే ఈ పాత కారు మీటరులో మూడంకెలే ఉన్నాయి. తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ సున్నా దగ్గర మొదలెడుతుంది. అందుకని మధ్యాహ్నం నుంచీ వెయ్యిని నేనే మోస్తున్నాను, నిండు బిందెలా, తొణక్కుండా. పదకొండు వందల యాభై కిలోమీటర్లు, ఒక్క ట్యాంకు మీద. మామయ్య జీవితంలో అన్నిటికన్నా మంచి ట్యాంకు పదకొండు వందల ఎనభై ఏడు. ఆ ట్యాంకుకి లైటు వెయ్యిన్నీ నలభై రెండు దగ్గరే వెలిగింది, ఆ తర్వాత నూట నలభై అయిదు నడిపి బంకులో ఆపారు. మాకు లైటే ఇంత ఆలస్యంగా వెలిగిందంటే ఇంకేం కావాలి. ముప్పై ఏడు కిలోమీటర్లు పోతే ఆయన అంకె వస్తుంది, ఇంకొక్కటి పోతే దాటుతుంది, ఇంటి గేటు దగ్గరికి పన్నెండు వందలు. గంటకి యాభై ఎనిమిది చొప్పున నలభై నిమిషాలు కూడా పట్టదు. ఇన్నేళ్ళ చదువులోనూ నాకు లెక్కలు ఎప్పుడూ ఇంత తియ్యగా రాలేదు. అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాను, మా ఆయన ముఖం ఎలా వెలిగిపోతోందో చూద్దామని. ముఖం కనిపించలేదు. ఒళ్ళో పెట్టుకున్న మొక్క ఆకులు కనిపించాయి. ఆకుల వెనక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఆ పొలంలో ఏదో గొప్ప విశేషం ఉన్నట్టు.

ఆ మొక్క మా ఆడపడుచు ఇచ్చింది. నిన్న పొద్దున బయల్దేరి వాళ్ళింటికి వెళ్ళాం, పోను రెండు వందల ఎనభై, రాను రెండు వందల ఎనభై. వదిన కుండీతో సహా ఇచ్చింది. మామయ్య కుండీ ఎత్తి చూసి, "ఏడు కిలోలుంటుంది," అని, మట్టంతా వాళ్ళ పెరట్లోనే దులిపేసి, వేళ్ళకి తడి కాగితం చుట్టి ఇచ్చారు. "నాన్నా, అది మొక్క, పార్సిల్ కాదు," అని వదిన మొత్తుకుంది. "బతుకుతుందిలే. కుండీ ఇంటి దగ్గర కొనుక్కోవచ్చు," అన్నారు. వదిన నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, మొక్క కోసం కాదని నాకు తెలుసు. ఎనిమిది నెలల తర్వాత వాళ్ళ నాన్న మళ్ళీ బరువుల గురించి మాట్లాడారు, అందుకు.

ఎనిమిది నెలల కింద, నేనింకా ఈ ఇంటికి రాకముందు, మామయ్య ఒక్కరే ఈ కారులో వెళుతూ వెళుతూ రోడ్డు పక్కన ఆపేశారట. పెడల్ మీద కాలుందో లేదో తెలియలేదట. చూస్తే ఉంది, కానీ ఉన్నట్టు లేదు. కుడి పాదం మొద్దుబారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలిన పాదం అది. ఇక తోలొద్దన్నారు డాక్టరు. ఆరు వందల నలభై దగ్గర ఆగిన కారుని మా ఆయన వెళ్ళి తాడు కట్టి లాక్కొచ్చారు, ఎందుకంటే ఆ ట్యాంకులోంచి ఒక్క చుక్క కూడా ఇంకొకరు వాడడానికి మామయ్య ఒప్పుకోలేదు. షెడ్డులో పెట్టించి, బ్యాటరీ వైరు పీకించి, ట్యాంకు మూత మీద కాగితం అంటించి సంతకం చేశారు. మంచి ట్యాంకట అది. నడుస్తుండగానే తెలిసిపోతుందట మంచిదో కాదో. ఈసారి పన్నెండు వందలు దాటుతానని అత్తయ్యతో పందెం కూడా వేశారట. ఆ తర్వాత ఇంకెవరి కారూ ఎక్కలేదు, పెళ్ళికి కూడా బస్సులో వచ్చారు, అదీ డ్రైవరు వైపు చూడకుండా కిటికీ పక్కన కూర్చుని. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ షెడ్డు వైపు వెళ్తే ఇంట్లో అందరూ గొంతు తగ్గించేవారు. లోపల ఎవరో నిద్రపోతున్నారేమో అనుకున్నాను.

డిపోలో ఆయన్ని 'చుక్క' అనేవారట. డీజిల్ చుక్క కూడా వృథా చేయడని. అత్తయ్య సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరో పుణ్యాత్ములు వాళ్ళ నాన్నతో, "అబ్బాయి బుద్ధిమంతుడే, డిపోలో మాత్రం చుక్క అంటారు," అన్నారట. తాగుబోతనుకుని వాళ్ళు నెల రోజులు కబురే పెట్టలేదట. అత్తయ్య ఈ ముక్క నాకు ఇప్పటికి పదిసార్లు చెప్పింది, పదిసార్లూ మొదటిసారి చెప్పినట్టే నవ్వింది. "తాగేవాడైనా నయమే, సాయంత్రానికి దిగుతుంది. ఈయనది దిగదు," అంటుంది. ఆ పదకొండు వందల ఎనభై ఏడు నాడు ఆవిడ కూడా కారులోనే ఉంది. బయల్దేరేముందు ఆవిడ పెట్టె తూచి, అందులోంచి రెండు చీరలు తీయించారట. "నన్ను తూచలేదు, అదే నా అదృష్టం," అంది. "తూచానే, చెప్పలేదంతే," అన్నారు మామయ్య. కొత్త కోడలి ముందు ఇద్దరూ అలా వాదులాడుకుంటుంటే నాకు ఎంత బావుందో. మేం కూడా ఇలాగే అవుతాం కదా అనుకున్నాను, మరి ఈయన నన్ను ఏ లెక్కలో తూస్తారో అనుకున్నాను.

ముందు వంతెన. ఎత్తు ఎక్కేముందు కాలు నొక్కకూడదు, ఉన్న వేగంతోనే సగం ఎక్కనివ్వాలి, వేగం యాభైకి పడితే పడనివ్వాలి, పైకి చేరాక దిగుడు మనకి తిరిగిచ్చేస్తుంది. దిగేటప్పుడు న్యూట్రల్ చేయకూడదు. ఇది నాకు ఎంత ఆశ్చర్యమో. గేరులోనే ఉంచి కాలు తీసేస్తే ఇంజిన్‌కి డీజిల్ చుక్క కూడా వెళ్ళదట, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయట. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి చుక్కచుక్క తాగుతూనే ఉంటుందట. మా ఆయన మాత్రం దిగుడు కనిపిస్తే చాలు న్యూట్రల్ చేస్తారు, కింద మలుపు రాగానే బ్రేకు తొక్కుతారు. మామయ్య కొడుక్కి పెట్టిన పేరు బ్రేకేశ్వర్రావు. డీజిల్ ఇంజెక్టర్లు బాగుచేయడంలో ఆయనంతటి మెకానిక్కు చుట్టుపక్కల లేడు, ఎక్కడెక్కడినుంచో లారీలవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు, కానీ కన్నతండ్రి దగ్గర ఆయన బ్రేకేశ్వర్రావే. "బ్రేకు తొక్కావంటే అర కిలోమీటరు వెనకే తప్పు చేశావని లెక్క," అంటారు మామయ్య. మా ఆయన తల ఊపుతారు. ఊపి, మళ్ళీ తొక్కుతారు. పదిహేనేళ్ళ కింద మామయ్య నేర్పడం మానేశారట. "వీడి కాలుకి చెవుల్లేవు," అని.

నాకు మాత్రం నేర్పారు. అది ఎలా మొదలైందంటే, నేను ఉత్తినే అడిగాను. షెడ్డులో నిద్రపోతున్న ఆ ట్యాంకు సంగతి విన్నాక ఊరుకోలేకపోయాను. సగం చదివిన పుస్తకం ఇంట్లో ఉంటే నేను అన్నం తినలేను. "మామయ్యా, మిగతా సగం నేను తోలనా?" అన్నాను, వంటింటి గుమ్మంలో నిలబడి. అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయన నా వైపు కళ్ళతోనే వద్దు వద్దు అన్నారు. మామయ్య చాలాసేపు నా కాళ్ళవైపు చూశారు. కాలేజీలో ఉండగానే లైసెన్సు తీసుకున్నాను, కానీ ఆ మాట అక్కడ చెల్లలేదు. లోపలికెళ్ళి, బరువు చూసుకునే మిషను తెచ్చి, కుర్చీ ముందు వేసి, గోడకి ఏటవాలుగా ఆనించి, "కుడి పాదం పెట్టు. ముల్లు మూడు మీద ఉంచు," అన్నారు. ఉంచాను. "ఇక మాట్లాడుకుందాం," అని డిపో కబుర్లు మొదలెట్టారు. నవ్వొస్తే ముల్లు అయిదుకి పోయేది. కోపమొస్తే ఆరుకి పోయేది. మా ఆయన పనినుంచి వచ్చినట్టు గేటు చప్పుడైతే నాలుగుకి పోయేది, అప్పుడు మామయ్య ఏమీ అనకుండా మీసంలో నవ్వుకునేవారు. రెండు నెలలు. రోజూ సాయంత్రం అరగంట. ఇంజిన్ లేదు, రోడ్డు లేదు, మిషనూ నేనూ మామయ్యా. ఒకరోజు ఆయన డిపోలో ఎవరో చనిపోయిన సంగతి చెబుతూ మధ్యలో ఆగిపోయారు, నాకు కళ్ళు నిండాయి, ముల్లు మూడు మీదే ఉంది. "శనివారం పొద్దున బయల్దేరదాం. అమ్మాయిని చూసొద్దాం," అన్నారు. ఎనిమిది నెలల తర్వాత ఆయన కారెక్కడానికి ఒప్పుకున్నారని అత్తయ్య ఆ రోజు నా రెండు చేతులూ పట్టుకుంది. "దాటినా దాటకపోయినా క్షేమంగా తీసుకురా," అంది. తర్వాత నెమ్మదిగా, "దాటితే బావుణ్ణు," అంది. అంతే కదా. ఇది ఆయన ఆఖరి ట్యాంకు. ఆయన పాదం తోలిన ఆఖరి ఆరు వందల నలభై ఇందులో ఉన్నాయి. నేను చెడగొడితే అవి కూడా చెడిపోతాయి, చిన్న అంకె ఒకటి ఆయన పేరు మీద ఉండిపోతుంది.

నూట అరవై రెండు. లైటు వెలుగుతూనే ఉంది, ఎంత ముద్దొస్తోందో. ముందు ఒక ట్రాక్టరు. చాలా దూరంలో ఉండగానే చూశాను, కాలు తేలిక చేశాను, అది పక్క దారిలోకి తిరిగిపోయేసరికి నేను సరిగ్గా అక్కడికి చేరాను, బ్రేకు లేదు, గేరు మార్చలేదు, నీళ్ళలో చేపలా వచ్చేశాను. మామయ్య చూశారో లేదో. చూశారు, ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద ఒకసారి తట్టింది. మెచ్చుకోలు అంతే, అంతకు మించి ఉండదు, అది చాలు. వెనక నుంచి ఈయన ఏమీ అనలేదు. పొద్దున్నుంచీ ఏమీ అనడంలేదు. మామూలుగా అయితే నా చెవి వెనక ఏదో ఒకటి గొణుగుతూ నన్ను నవ్విస్తూనే ఉండాలి. బహుశా మొక్క బరువేమో. బహుశా నాన్న పక్కనున్నారని. ఆయన చేతుల్లోంచి వచ్చే డీజిల్ వాసన ఇక్కడికి కూడా తెలుస్తోంది, ఎంత సబ్బు పెట్టినా పోదు. పెళ్ళైన కొత్తలో ముక్కు చిట్లించేదాన్ని, ఇప్పుడు రోడ్డు మీద లారీ వెళ్ళినా ఈయన గుర్తొచ్చి నవ్వుకుంటాను, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది ఆ ఆదివారం మధ్యాహ్నం. మూడు వారాలైందేమో. అత్తయ్య, మామయ్య నిద్రపోతున్నారు. ఈయన నన్ను చెయ్యి పట్టుకుని దొంగలా షెడ్డులోకి తీసుకెళ్ళారు. కిటికీలోంచి ఎండ చారలుగా పడుతోంది. బానెట్టు ఎత్తి, ఇంజెక్టర్లు చూపించారు. డీజిల్ పొగమంచులా చిమ్ముతుందట లోపల, ఒక్క రంధ్రం పూడినా ఆ మంచు వంకరపోతుందట, చెబుతుంటే ఆయన కళ్ళు చూడాలి. ఒక పల్చటి పైపు చూపించి, "ఇంజిన్‌కి కావలసినదానికన్నా ఎక్కువే పంపిస్తుంది పంపు. వాడుకోగా మిగిలింది ఈ పైపులోంచి మళ్ళీ వెనక్కి, ట్యాంకులోకి పోతుంది. అడిగినంతే తీసుకుని మిగతాది తిరిగిచ్చేసే జాతి ఇది ఒక్కటే," అన్నారు. "నువ్వు కూడా అలాగే ఉండు," అన్నాను. ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వే, అందరి ముందు మీరు. ఆ పైపు ఊడదీసి, దానికొక గొట్టం తగిలించి, గొట్టం చివర గరాటు పెట్టి, "ఇది ఎత్తుగా పట్టుకో, కిందికి దించకు. పైపు కడగాలి," అన్నారు. రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తి పట్టుకున్నాను, దీపం పట్టుకున్న బొమ్మలా. డబ్బాలోంచి సీసాలోకి, సీసాలోంచి గరాటులోకి, దారంలా సన్నగా పోస్తూ కూర్చున్నారు స్టూలెక్కి. నెమ్మదిగా పోవాలట. చేతులు నొప్పి అన్నానని, సీసాకొక కథ చెబుతానన్నారు. మొదటి సీసాకి చిన్నప్పుడు బస్సులో నాన్న వెనక సీటులో నిద్రపోయి డిపోలో తాళం పడిపోయిన కథ. రెండో సీసాకి మొదటి ఇంజెక్టరు విప్పి తిరిగి బిగించడం రాక జేబులో పెట్టుకుని నిద్రపోయిన కథ. మూడోది నన్ను మొదటిసారి చూసిన రోజు ఇంటికెళ్ళే దారిలో పక్క ఊరికి వెళ్ళిపోయిన కథ. నాలుగోది చెప్పలేదు, సగంలో ఆపి నా మోచేతి మీద ముద్దు పెట్టుకున్నారు, రెండు చేతులూ పైకి ఉన్నాయి కదా, నేనేం చేయగలను. "ఏయ్, ఒలుకుతుంది!" అన్నాను. చుక్క ఒలకలేదు. "ఇంతకీ కడిగింది ఎక్కడికి పోతోంది?" అని కూడా అడిగాను. "ఎక్కడికి పోవాలో అక్కడికే," అన్నారు. ఎంత నవ్వుకున్నానో. ఎంత మంచి మధ్యాహ్నమో అది, నా పెళ్ళయ్యాక అన్నిటికంటే మంచి గంట ఏదంటే అదే అంటాను, ఎవరడిగినా, ఎప్పుడడిగినా.

ఎక్కడికి పోవాలో అక్కడికే.

నూట డెబ్బై ఒకటి. పాదం కదల్లేదు. కదల్లేదు గానీ పాదం తప్ప మిగతా నేనంతా కదిలిపోయాను. వాడుకోగా మిగిలింది ఈ పైపులోంచి మళ్ళీ ట్యాంకులోకి పోతుంది. అదే నోటితో చెప్పారు, అరనిమిషం ముందు. నేను విన్నాను. కెమిస్ట్రీలో పట్టా పుచ్చుకున్నదాన్ని, కాలేజీ ల్యాబులో పిల్లలచేత చుక్కలు లెక్కపెట్టించి జీతం తీసుకునేదాన్ని, గరాటు పట్టుకుని నిలబడి, లీటరు సీసాలు నాలుగు నా నెత్తిమీదుగా ఆ ట్యాంకులోకి పోతుంటే కథలు వింటూ ముద్దులు పెట్టించుకున్నాను. మూత మీద మామయ్య సంతకం అలాగే ఉంది. ఎందుకుండదు, మూత దగ్గరికే వెళ్ళలేదు కదా ఈ మహానుభావుడు. డీజిల్ చూపించే ముల్లు ఎప్పుడో సగం దగ్గర చచ్చిపోయింది, బాగుచేస్తానంటే మామయ్యే ఒప్పుకోలేదు, లెక్క రానివాళ్ళకి ముల్లు కావాలని. ఇంక చెప్పేదెవరు? నూట యాభైలోంచి నలభై రెండు తీసేస్తే నూట ఎనిమిది. లీటరుకి ఇరవై ఏడు చొప్పున నాలుగు. సరిగ్గా నాలుగు, చుక్క అటూ ఇటూ లేదు. ల్యాబులో ఏ పిల్లవాడైనా ఇంత అందమైన జవాబు తెస్తే నేనేమంటాను? ఎక్కడ కాపీ కొట్టావురా అంటాను.

అద్దంలోకి చూశాను. ఆకుల మధ్య ఒక కన్ను కనిపించింది. అది నన్ను చూసి, నాకు తెలిసిపోయిందని చూసి, నెమ్మదిగా ఆకుల వెనక్కి పోయింది.

కోపం రావాలి కదా. వచ్చింది, మిషను మీద అయితే ఆరుకి పోయేది. కానీ ఆ స్టూలు మీద కూర్చున్న మనిషే కళ్ళముందుకొస్తున్నాడు, దారంలా సన్నగా పోస్తూ, నాన్న నిద్ర లేస్తారేమోనని మధ్యమధ్య గుమ్మం వైపు చూస్తూ. తన కాలుతో ఎప్పటికీ ఇవ్వలేనిదాన్ని చేతులతో ఇవ్వాలనుకున్నాడు. నాకు ఒక్క మాట చెబితే నేను ఒప్పుకోనని తెలుసు, చెప్పకుండా నా చేతులే వాడుకున్నాడు, దొంగ. పోనీ ఊరుకుంటే? పదహారు కిలోమీటర్లు. ఆయన అంకె దాటుతుంది, మామయ్య మోకాలి మీద రెండుసార్లు తడతారు, అత్తయ్య గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు, ఆ అంకె గోడ మీద గడియారంలా ఇంట్లో ఉండిపోతుంది. రోజూ చూడాలి దాన్ని. రోజూ మామయ్య మా ఇద్దరితో, మీరు చేశారర్రా అంటారు. అప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఉండాలి. ఒకటి రెండు రోజులు కాదు, ఆయన ఉన్నన్నాళ్ళూ. పోనీ చెబితే? ఇప్పుడు, ఇక్కడ, ఇంత దగ్గరికొచ్చాక? ఎనిమిది నెలల తర్వాత కారెక్కిన మనిషి ఇంకెప్పుడూ ఎక్కకపోతే? ఆయన ఆరు వందల నలభై కూడా మా నాలుగు లీటర్లతో కలిసి మురికైపోయాయని అనుకుంటే? కొడుకుని బ్రేకేశ్వర్రావు అని కూడా పిలవడం మానేస్తే? నూట డెబ్బై తొమ్మిది. మలుపు. కాలు తేలిక చేశాను, కారు దానంతటదే ఒంగి దానంతటదే లేచింది. ఎంత బాగా తోలుతున్నానో, ఏడుపొస్తోంది. నూట ఎనభై మూడు. మామయ్య కళ్ళు తెరిచి రోడ్డు చూస్తున్నారు, కుడి పాదం, ఆ స్పర్శ తెలియని పాదం, మ్యాటు మీద నెమ్మదిగా నాతోపాటు నొక్కుతోంది, నాతోపాటు తేలుతోంది. ఆయనకే తెలియదేమో అది కదులుతోందని. అది చూశాక ఇంక నావల్ల కాలేదు. ఆ పాదంతో అబద్ధం ఆడలేను.

నూట ఎనభై ఆరు దగ్గర కాలు పూర్తిగా తీసేశాను. బ్రేకు తొక్కలేదు. రోడ్డు పక్క మట్టి మీదికి దిగి, తనంతట తనే నెమ్మదించి, చివర్లో క్లచ్ నొక్కితే ఆగింది. ఇంజిన్ ఆపేశాను.

"మామయ్యా, ఇది లెక్కలోకి రాదు," అన్నాను. "ఇందులో నాలుగు లీటర్లు..."

"నువ్వు చెప్పకు," అన్నారు వెనకనుంచి ఈయన. మొక్క పక్కన పెట్టారు. "నేను చెప్తాను. నాన్నా, నేనే పోశాను. తనకి తెలీదు. ఇప్పుడే తెలిసింది."

"గరాటు నేను పట్టుకున్నాను," అన్నాను.

"కడుగుతున్నానని చెప్పి పట్టించాను."

"అడగాలి కదా నేను! నువ్వు చెప్పావని నమ్మేశాను, నువ్వు అసలు..." మామయ్య ముందే నువ్వు అనేశాను, అదీ రెండుసార్లు. నాలిక కరుచుకున్నాను.

మామయ్య అద్దం తుడిచే గుడ్డ తీసి ముందు అద్దం మీద లేని మరకని తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"వెయ్యిన్నీ వంద దాటినప్పుడే అనుమానం వచ్చింది," అన్నారు. "లైటు వెలిగాక నాలుగు లీటర్లని తేలిపోయింది."

"మరి చెప్పలేదేం, మామయ్యా?"

"చెబితే ఆపేస్తావు. ఇంత బాగా తోలుతుంటే ఆపమనడానికి నోరు రాలేదమ్మా. ఎవరైనా ఇలా తోలుతుంటే పక్కన కూర్చుని ఎన్నాళ్ళైందో." తర్వాత వెనక్కి తిరగకుండానే, "ఒరేయ్, నా సంతకం చెక్కుచెదరలేదు. ఎలా పోశావు?"

"రిటర్న్ పైపులోంచి."

మామయ్య తల తిప్పారు. కొడుకుని అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు. "రిటర్న్ పైపులోంచా? నాలుగు లీటర్లా? ఎంతసేపు పట్టింది?"

"గంట పైనే."

"ముప్పై ఒక్క ఏళ్ళలో డిపోలో ఒక్కడికి తట్టలేదురా ఇది. అంత మంది వెధవలున్నారు, ఒక్కడికి!" అని, కోపమో మెచ్చుకోలో తేల్చుకోలేనట్టు ఆగి, "గంటసేపు చెయ్యి వణక్కుండా పోశావంటే... కాలుకి లేని చెవులు నీ చేతులకున్నాయన్నమాట," అన్నారు.

"పన్నెండు వందలు చూస్తావని, నాన్నా."

"నేను చూడాల్సింది చూశాను. ఆ నాలుగూ తీసెయ్. లైటు ఎక్కడ వెలిగినట్టు?"

నేనే చెప్పాను. "వెయ్యిన్నీ నలభై రెండు."

"నాదెక్కడ వెలిగింది?"

అదే అంకె దగ్గర. ఆయనకి తెలుసు, నాకు తెలుసు, వెనక కూర్చున్నాయనకి తెలుసు.

"ఆరు వందల నలభై దగ్గర నేను దిగాను, నువ్వెక్కావు. బండికే తెలీలేదమ్మా," అన్నారు మామయ్య. అని కిటికీ వైపు తిరిగిపోయారు. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను, హారన్ మోగింది, ఉలిక్కిపడ్డాను, వెనకనుంచి ఈయన నవ్వాపుకోలేక మొక్క మీద పడ్డారు, మామయ్య భుజాలు కదులుతున్నాయి. అలా ముగ్గురం రోడ్డు పక్కన, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన కూడా లేకుండా.

మళ్ళీ బయల్దేరాం. నూట ఎనభై ఏడు వచ్చింది, పోయింది. నేను ఓరగా చూశాను, ఇంకెవరూ చూడలేదు. ఈయన ముందుకు ఒంగి నా సీటు వెనక గడ్డం ఆనించి కూర్చున్నారు, ఊపిరి మెడకి తగులుతోంది, పాదం కింద ఆ మిషను ఉంటే ముల్లు ఎంతకి పోయేదో నేను చెప్పను. ఎండ పల్చబడింది. ఊరి మొదట్లో బంకు కనిపించాక మామయ్య గొంతు సవరించుకున్నారు, డిపోలో డ్యూటీలు చదివేటప్పుడు ఇలాగే సవరించుకునేవారేమో.

"ఇప్పుడు నింపొద్దు, ఇంటికి పోనియ్. రేపు పొద్దున ఆరింటికి, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసుకుని, వచ్చి నిండుగా నింపుకుందాం. మీ అత్తయ్యని కూడా రమ్మందాం, ఎన్ని చీరలు పెట్టుకుంటుందో పెట్టుకోనీ. సముద్రం దాకా పోయి రెండు రోజులుండి వద్దాం. అమ్మాయ్, నువ్వు వెనక సీట్లో పడుకో."

"మరి తోలేదెవరు, మామయ్యా?"

"వాడు," అన్నారు. "నేను పక్కన కూర్చుంటాను."